డాక్టరు చేతిలోని ఒడుపు ఊరికి ఎలా చేరింది? సామాజిక సంస్థల్లో జ్ఞానం చేసే పని

మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో ఒక సర్జన్‌కు రెండు టేబుళ్లు ఉంటాయి. ఒక టేబుల్ మీద శుక్లం ఆపరేషన్ జరుగుతుండగానే పక్క టేబుల్ మీద ఇంకో పేషెంటు సిద్ధంగా పడుకుని ఉంటారు. కంటి చుట్టూ శుభ్రం చేయడం, గుడ్డ కప్పడం, పరికరాలు వరసగా పేర్చి పెట్టడం అన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి. మొదటి కన్ను పూర్తవగానే డాక్టరు మైక్రోస్కోపును పక్క టేబుల్ వైపు తిప్పుకుని రెండో కన్ను మొదలుపెడతారు. ఈలోగా మొదటి టేబుల్ మీద మూడో మనిషి వచ్చి పడుకుంటారు.

ఆ గదిలో డాక్టరు చేసే పని చాలా తక్కువ. డాక్టరు తప్ప ఇంకెవరూ చేయలేనిది మాత్రమే ఆయన చేస్తారు. కళ్లలో చుక్కలు వేయడం, చూపు పరీక్షించడం, లెన్సు కొలత తీయడం, పేషెంటును సిద్ధం చేయడం, ఆపరేషన్ అయ్యాక జాగ్రత్తలు చెప్పడం లాంటివన్నీ అమ్మాయిలు చేస్తారు. వాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి ఇంటర్ పూర్తిచేసి వచ్చి, రెండేళ్లు అక్కడే శిక్షణ తీసుకున్నవాళ్లు. ఇలా పని విడగొట్టడం వల్ల అక్కడి ఒక్కో సర్జన్ ఏడాదికి దాదాపు 2,000 ఆపరేషన్లు చేస్తారు. దేశంలో మామూలు సగటుకు ఇది నాలుగైదు రెట్లు.

ఇంత పని చేసే ఈ ఆసుపత్రి విరాళాల మీద నడవదు. వచ్చే పేషెంట్లలో డబ్బు కట్టేవాళ్లూ ఉన్నారు, ఉచితంగానో నామమాత్రపు ఫీజుతోనో చేయించుకునేవాళ్లూ ఉన్నారు. రోజువారీ ఖర్చు పోగా మిగులు కూడా ఉంటుంది. 1976లో ఒక ఇంట్లో 11 పడకలతో మొదలైన ఆసుపత్రి ఆ మిగులుతోనే పెరుగుతూ వచ్చింది. ఇలా సమాజానికి కావాల్సిన పని చేస్తూ, దాని ఖర్చు అదే సంపాదించుకునే సంస్థలను సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటున్నాం. తెలుగులో సామాజిక సంస్థ అనుకుందాం.

వీటి గురించి మాట్లాడేటప్పుడు అందరూ మొదట అడిగేది డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని. ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని లేనివాళ్లకు పెడతారు అనేది మామూలుగా వచ్చే జవాబు. అది అబద్ధం కాదు గానీ సగమే. ఉన్నవాళ్ల దగ్గర తీసుకునే ఫీజు కూడా అక్కడ మరీ ఎక్కువేం కాదు. అసలు విషయం ఒక్కో ఆపరేషన్‌కు అయ్యే ఖర్చును అంత కిందికి ఎలా దించారు అన్నది. ఆ పని చేసింది జ్ఞానం.

జ్ఞానం అనే మాట తెలుగులో కాస్త పెద్దది, మనల్ని వేదాంతం వైపు లాగుతుంది. ఇక్కడ దాన్ని 'పని తెలిసి ఉండటం' అన్న అర్థంలోనే వాడుతున్నాను.

చేతిలో ఉన్నదీ, కాగితం మీదికి వచ్చేదీ

పని తెలిసి ఉండటంలో రెండు రకాలున్నాయి. ఒకటి చెప్పగలిగేది: ఏ చుక్కలు, ఎన్నిసార్లు, ఎంత సేపు. రెండోది చేతిలో ఉండేది. మన భాషలో దానికి మంచి మాటలున్నాయి: ఒడుపు, మెళకువ, కిటుకు, చెయ్యి తిరగడం. కుండ చేసే మనిషిని సారె మీద మట్టిని ఎంత నొక్కాలో చెప్పమంటే చెప్పలేడు, పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాడు. మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీన్ని చాలా పొడుగ్గా వివరిస్తారు గానీ విషయం ఇంతే. ఒడుపు ఉన్న మనిషి వెళ్లిపోతే ఆ ఒడుపూ వెళ్లిపోతుంది. ఎంత గొప్పదైనా అది ఒక్క మనిషి రెండు చేతులకు అందేంత వరకే పనిచేస్తుంది.

అరవింద్ వ్యవస్థాపకులు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి జీవితంలోనే ఈ సమస్య ఉంది. ప్రసూతి వైద్యుడు కావాలనుకున్న ఆయనకు యువకుడిగా ఉన్నప్పుడే తీవ్రమైన కీళ్లవాతం వచ్చింది. వేళ్లు వంకరపోయాయి. కంటి వైద్యం వైపు మళ్లి, ఆ వంకర వేళ్లకు తగ్గట్టు పరికరాలు చేయించుకుని, శుక్లం ఆపరేషన్లు నేర్చుకున్నారు. ఒక్క రోజులో వంద ఆపరేషన్లు చేసిన సందర్భాలున్నాయి, జీవితకాలంలో లక్షకు పైగా చేశారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్లకు రిటైరై మదురైలో ఆసుపత్రి పెట్టారు.

ఆయన అంతటితో ఆగి ఉంటే ఒక మహానుభావుడైన డాక్టరుగా మిగిలిపోయేవారు. దేశంలో శుక్లాలతో చూపు పోయినవాళ్లు లక్షల్లో ఉంటే, ఒక్కడి చేతిలోని ఒడుపు ఏ మూలకు వస్తుంది? ఆయనకు అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ హోటళ్లు ఆశ్చర్యం కలిగించాయి. అక్కడ వంటవాడు ఎవరైనా, ఊరు ఏదైనా, తిండి ఒకేలా వస్తుంది. ఎందుకంటే వంట ఒక మనిషి చేతిలో లేదు, పద్ధతిలో ఉంది. కంటి ఆపరేషన్‌ను అలా చేయగలమా అని ఆయన ఆలోచించారు.

దానికి ముందు పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టాలి. తరవాత, వాటిలో ఏవి డాక్టరుకు మాత్రమే సాధ్యం, ఏవి రెండేళ్ల శిక్షణతో సాధ్యం అని వేరు చేయాలి. ఇది రాసినంత తేలిక కాదు. 'నేను తప్ప ఎవరూ చేయలేరు' అనుకునే పనుల్లో చాలావాటిని వేరేవాళ్లు చేయగలరని ఒప్పుకోవడానికి మనసు రాదు. ఏ రంగంలోనైనా పెద్దవాళ్లు ఆగిపోయేది ఇక్కడేనని నాకనిపిస్తుంది.

ఆర్థికంగా దీని ఫలితం చిన్న లెక్కతో తెలుస్తుంది. సర్జన్ జీతం, థియేటర్, మైక్రోస్కోపు, ఏసీ అన్నీ కలిపి ఏడాదికి ఒక ఖర్చు ఉంటుంది. ఎన్ని ఆపరేషన్లు చేసినా ఆ ఖర్చు పెద్దగా మారదు. దాన్ని 400 ఆపరేషన్లకు పంచితే ఒక్కోదాని మీద ఎంత పడుతుందో, 2,000కు పంచితే అందులో అయిదో వంతే పడుతుంది. ఉచిత వైద్యానికి కావాల్సిన డబ్బు పెద్ద భాగం పుట్టింది ఇక్కడ, విరాళాల హుండీలో కాదు. డాక్టరు మధ్యమధ్యలో ఖాళీగా ఎదురుచూసే నిమిషాల్ని డబ్బుగా మార్చారు.

సామాజికంగా వచ్చిన ఫలితం కూడా ఈ లెక్కలోనే ఉంది. చూపు వచ్చిన పెద్దాయన ఒక్కరే కాదు, ఆయన చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఇంట్లో ఆగిపోయిన మనవరాలు కూడా మళ్లీ బడికి వెళ్తుంది. ఇంటర్‌తో ఆగిపోయి పెళ్లి కోసం ఎదురుచూడాల్సిన అమ్మాయికి చేతిలో ఒక వృత్తి వచ్చింది. ఆమె జీతం ఖర్చు కిందికి వస్తుంది, ఆమె బతుకు లాభం కిందికి వస్తుంది. మామూలు కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో రెండోదానికి గడి ఉండదు.

వేగం పెరిగితే నాణ్యత పోదా అని అడగాలి. అందుకే అక్కడ ఏ సర్జన్ ఆపరేషన్ చేసిన కంటికి ఏ ఇబ్బంది వచ్చిందో రాసి పెట్టుకుంటారు, ఎప్పటికప్పుడు కలిసి కూర్చుని చూసుకుంటారు. ఎక్కువ చేసినకొద్దీ తప్పు ఎక్కడ జరుగుతోందో తొందరగా కనిపిస్తుంది. నెలకు పది ఆపరేషన్లు చేసేచోట ఒక ఇన్‌ఫెక్షన్ వస్తే దురదృష్టం అనుకుంటాం. నెలకు వేలల్లో చేసేచోట అది అంకెగా కనిపిస్తుంది, కారణం వెతకక తప్పదు. ఇక్కడ నాణ్యతకు పునాది వేసింది ఆపరేషన్ల సంఖ్యే.

లెన్సులో దాచిన జ్ఞానం

మన చిన్నప్పుడు శుక్లం ఆపరేషన్ అయిన తాతలకు సోడాబుడ్డి కళ్లద్దాలు ఉండేవి. కంట్లోని సహజమైన కటకాన్ని తీసేసి, దాని బదులు బయట మందపాటి అద్దం పెట్టేవారు. నడిచేటప్పుడు మెట్టు ఒకచోట ఉంటే ఇంకోచోట కనిపించేది. అద్దాలు పగిలితే మళ్లీ గుడ్డితనమే. పాశ్చాత్య దేశాల్లో అప్పటికే కంట్లోపల చిన్న ప్లాస్టిక్ లెన్సు పెట్టడం మామూలైపోయింది. కానీ దిగుమతి చేసుకుంటే ఒక్కో లెన్సు వంద డాలర్ల పైమాట. బీద దేశాల్లో లక్షలమందికి ఇది తగదు అనే వాదన నిపుణుల్లోనే ఉండేది.

1992లో మదురైలో అరోల్యాబ్ మొదలైంది. విదేశీ మిత్రుల సాయంతో లెన్సు తయారీ సాంకేతికతను తెచ్చుకుని, స్థానికులకు నేర్పి, అక్కడే చేయడం మొదలుపెట్టారు. తయారైన లెన్సు ధర పది డాలర్ల దగ్గరికి దిగింది, తరవాత ఇంకా తగ్గి రెండు మూడు డాలర్లకు వచ్చింది. ఇప్పుడు అరోల్యాబ్ సరుకు వందకు పైగా దేశాలకు వెళ్తుంది.

వంద డాలర్ల ధరలో ప్లాస్టిక్ ఖరీదు చాలా చిన్న భాగం. మిగతాది 'ఎలా చేయాలో మాకు మాత్రమే తెలుసు' అనేదానికి కట్టే డబ్బు. మదురైలోనూ ఆ 'ఎలా' తెలిశాక ధర కూలిపోయింది. మందుల్లో, విత్తనాల్లో, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడైనా ధర విపరీతంగా ఉంటే మొదట అడగాల్సింది ముడిసరుకు రేటు కాదు, అందులో తెలివికి ఎంత కడుతున్నాం, ఆ తెలివి ఎంతమంది దగ్గర ఉంది అని.

ఇంకో మెళకువ ఆపరేషన్‌లోనే ఉంది. అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఫాకో మెషిన్‌తో చేసే పద్ధతి మంచిదే గానీ మెషిన్ ఖరీదు, దాని విడిభాగాల ఖరీదు ఎక్కువ. చిన్న కోతతో, కుట్లు లేకుండా, చేత్తోనే శుక్లం తీసి లెన్సు పెట్టే పద్ధతిని నేపాల్‌లోనూ మనదేశంలోనూ బాగా సానబెట్టారు. ఫలితాలు ఫాకోకు దగ్గరగానే ఉంటాయని రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చేసిన పరీక్షల్లో తేలింది. మెషిన్ చేసే పనిని తిరిగి చేతి ఒడుపులోకి తెచ్చారు, ఆ ఒడుపును వేలమందికి నేర్పారు.

రానివాళ్ల గురించి తెలుసుకోవడం

మా అమ్మమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. పక్క ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెట్టారని తెలిసి మా మామయ్య రమ్మంటే రానంది. "రెండు పూటలా గేదెకు గడ్డెవరు వేస్తారురా? అక్కడ నాకు తోడెవరుంటారు?" అంది. డబ్బు సంగతి ఆమె ఎత్తనే లేదు. శిబిరం పెట్టినవాళ్ల రిజిస్టర్లో అమ్మమ్మ పేరు ఎప్పటికీ చేరదు, ఎందుకంటే ఆమె రాలేదు. వచ్చినవాళ్లను లెక్కపెట్టే ఏ సంస్థకైనా ఇదే చిక్కు. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో రిజిస్టరు చెప్పదు.

అరవింద్ వాళ్లు దీన్ని వెతికి పట్టుకున్నారు. ఆపరేషన్ ఉచితం అన్నా జనం రావడం లేదంటే కారణం ఏమిటని ఊళ్లకు వెళ్లి అడిగితే దారిఖర్చు, తిండి, పోయే కూలి, తోడు లేకపోవడం, భయం అనే జవాబులు వచ్చాయి. ఉచితం అనేది ఆసుపత్రి గుమ్మం లోపలే ఉచితం, గుమ్మం దాకా రావడానికి డబ్బవుతుంది. అందుకే శిబిరం నుంచి బస్సులో తీసుకెళ్లడం, అన్నం పెట్టడం, మళ్లీ ఊళ్లో దించడం మొదలుపెట్టారు.

అంతటితో సరిపోలేదు. 1990ల్లో తమిళనాడు పల్లెల్లో జరిగిన ఒక పరిశీలనలో, కంటి సమస్య ఉన్నవాళ్లలో నూటికి ఏడుగురు మాత్రమే శిబిరాలకు వెళ్తున్నారని తేలింది. అంతకాలం ఎంతో గొప్పగా నడుస్తున్నాయనుకున్న శిబిరాల గురించి ఇలాంటి అంకె వస్తే దాచిపెట్టడం తేలిక. వాళ్లు దాచలేదు, పద్ధతి మార్చారు. 2004 నుంచి పల్లెలకు దగ్గరగా శాశ్వతంగా ఉండే చిన్న కంటి కేంద్రాలు తెరిచారు. అక్కడ ఒక టెక్నీషియన్ పరీక్ష చేస్తే, డాక్టరు పెద్దాసుపత్రి నుంచే కంప్యూటర్ తెరలో చూసి మాట్లాడతారు.

మన దగ్గర ఇదే దారిలో ముందే నడిచిన సంస్థ ఉంది. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. సినీ దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ స్థలం, డబ్బు ఇవ్వడంతో ఆయన పేరు పెట్టారు. ఈ సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేలకు పైగా మనుషుల కళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్షించారు. వందలో దాదాపు ఇద్దరికి చూపు లేదని తేలింది. చూపులేని ప్రతి వందమందిలో 44 మందికి శుక్లం కారణం. ఇది ఊహించిందే. కానీ మరో 16 మందికి కారణం దృష్టిదోషం, అంటే చాలావరకు సరైన కళ్లద్దాలు లేకపోవడం. ఇంకో చేదు నిజం కూడా బయటపడింది. శుక్లం ఆపరేషన్ జరిగినా చూపు సరిగా రాని కళ్లు తక్కువేం లేవు.

ఈ రెండు విషయాలు తెలిశాక 'ఎన్ని ఆపరేషన్లు చేశాం' అని గొప్పగా చెప్పుకోవడానికి లేదు. మొదటి విషయం వల్ల ఊరి దగ్గరే కళ్లద్దాలు ఇచ్చే కేంద్రాలు కావాలని తెలిసింది, రెండోదాని వల్ల ఆపరేషన్ తరవాత ఎంత చూపు వచ్చిందో కొలవాలని తెలిసింది. ఎల్వీ ప్రసాద్ సంస్థ పిరమిడ్ ఆకారంలో ఒక వ్యవస్థ కట్టింది. అడుగున 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, దాని పైన అయిదు లక్షల మందికి ఒక చిన్న ఆసుపత్రి, ఇంకా పైన పెద్దాసుపత్రులు. జిల్లాల్లో పెట్టిన తొలి చిన్న ఆసుపత్రుల్లో ఒకటి అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో వచ్చింది. ఇప్పుడు విజన్ సెంటర్లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో పనిచేసే విజన్ టెక్నీషియన్లు ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే.

ఆ ఊరి పిల్ల కావడం జీతం మిగుల్చుకోవడానికి మాత్రమే కాదు. ఫలానా ఇంట్లో ముసలామె గేదెను వదిలి రాదని ఆ పిల్లకు తెలుసు. పంట కోతలప్పుడు ఎవరూ రారని తెలుసు. డాక్టరుకు ఉన్న జ్ఞానం పైనుంచి కిందికి వస్తే, ఈ జ్ఞానం కింది నుంచి పైకి వెళ్తుంది. రెండూ ఒకే కుర్చీ దగ్గర కలిస్తేనే ఆపరేషన్ జరుగుతుంది.

మందుల షాపు దగ్గరి పాఠం

కంటి ఆసుపత్రుల్లో జ్ఞానం డాక్టరు దగ్గర మొదలైంది. మన పొలాల్లో కథ వేరే.

1990ల చివర్లో పత్తి రైతు పరిస్థితి గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు చేలను ఊడ్చిపెట్టేవి. రైతు వెళ్లేది పురుగుమందుల షాపుకు. ఏ మందు కొట్టాలో చెప్పేది ఆ షాపాయనే, మందు అప్పుగా ఇచ్చేదీ ఆయనే, చాలాచోట్ల చివరికి పత్తి కొనేదీ ఆయనే. సలహా ఇచ్చేవాడికి సరుకు అమ్ముడైతేనే లాభం ఉన్నప్పుడు ఆ సలహా ఎటు మొగ్గుతుందో తెలిసిందే. వరంగల్ ప్రాంతంలో ఎంతమంది రైతులు అదే మందు తాగి చనిపోయారో తెలుగువాళ్లు మరిచిపోలేరు.

అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే చిన్న ఊరు దీన్నుంచి బయటపడింది. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, ఆ తరవాత సుస్థిర వ్యవసాయ కేంద్రం వాళ్లు రైతులతో కలిసి పనిచేశారు. నేర్పింది పురుగు జీవితం: ఎక్కడ గుడ్లు పెడుతుంది, గుడ్డు ఎన్నాళ్లకు పగులుతుంది, ఏ దశలో దాన్ని ఆపడం తేలిక. రెక్కల పురుగులకు దీపపు ఎరలు, ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు. రసం పీల్చే పురుగులకు జిగురు పూసిన పసుపు పళ్లాలు. పురుగును పత్తి మీదికి పోకుండా తన వైపు లాక్కునే ఎర పంటగా గట్ల మీద ఆముదం, బంతి. పక్షులు వాలడానికి చేలో కొమ్మలు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం. వీటిలో చాలా వస్తువులు పాతవే. ఎప్పుడు, ఏ దశలో వాడాలి అన్నదే కొత్తగా తెలిసిన విషయం. పురుగు కనిపించాక మందు కొట్టే రైతు అప్పటికే ఆలస్యమైపోయాడు. చెట్టు ఆకు వెనక గుడ్లు చూడటం తెలిసిన రైతుకు వారం ముందే పని అయిపోతుంది.

ఊరి మహిళా సంఘం వేపగింజలు దంచే మెషిన్ కొనిపించి నడిపింది. వేపపిండి అమ్మకం ఇద్దరు ఆడవాళ్లకు ఉపాధి అయింది. షాపుకు పోయే డబ్బు ఊళ్లోనే తిరిగింది. 2003 నాటికి ఊరంతా పురుగుమందులు మానేసింది.

దీన్ని సోషల్ ఎంటర్‌ప్రైజ్ అనొచ్చా అని కొందరు అడుగుతారు, కంపెనీ పేరు లేదు కదా అని. నా మట్టుకు నాకు ఆ పేరుకు ఇంతకంటే సరిగ్గా తగింది కనిపించదు. సొంతంగా ఖర్చు వెళ్లదీసుకునే వ్యాపారం, ఊరి ప్రాణాలు కాపాడిన పని, రెండూ ఒక్కచోట ఉన్నాయి.

2004 తరవాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, దీన్ని రాష్ట్రమంతటా మహిళా సంఘాల ద్వారా వ్యాపింపజేసింది. పొలంబడులు పెట్టారు. ఒక ఊళ్లో బాగా చేసిన రైతే పక్క ఊరికి వెళ్లి నేర్పేలా చేశారు. గ్రామ సమాఖ్యల కింద కషాయాలు అమ్మే చిన్న దుకాణాలు వచ్చాయి. 2009 నాటికి మూడు లక్షలకు పైగా రైతులు, పదమూడు లక్షల ఎకరాలకు పైగా ఈ పద్ధతిలోకి వచ్చారు. అన్ని ఎకరాలకు చాలినంతమంది వ్యవసాయ అధికారులను ఏ ప్రభుత్వమూ నియమించలేదు. తోటి రైతు చెబితే రైతు వింటాడు, ఎందుకంటే ఆయన చేను వెళ్లి చూడొచ్చు.

తెలిసినది పోగొట్టుకుంటే

దీనికి విరుద్ధమైన కథ కూడా మన నేల మీదే జరిగింది. చిన్న అప్పుల సంస్థల బలం మొదట్లో జ్ఞానమే. బ్యాంకుకు తెలియనిది వీధిలో ఆడవాళ్లకు తెలుసు: ఎవరు కష్టపడతారు, ఎవరి ఇంట్లో తాగుడు ఉంది, ఎవరికి ఇప్పటికే అప్పుంది. తాకట్టు లేకుండా అప్పివ్వగలిగింది ఆ తెలివి ఆధారంగానే, గ్రూపులో ఒకరికొకరు హామీ ఉండేది అందుకే.

తరవాత పెట్టుబడి పెరిగింది, వేగం పెరిగింది. అప్పులిచ్చే ఉద్యోగికి నెల నెలా టార్గెట్ పెట్టారు. టార్గెట్ ఉన్న మనిషికి ఇంటి సంగతి అడిగే తీరిక ఉండదు. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పిచ్చాయి, ఒక సంస్థ ఇచ్చింది ఇంకో సంస్థకు తెలియదు. హామీగా నిలవాల్సిన గ్రూపు వసూలు కోసం ఒత్తిడి చేసే గ్రూపుగా మారింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. 2011 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమాల్లో ముఖ్యమైనది, ఒక మనిషికి ఇలాంటి సంస్థలు రెండుకు మించి అప్పివ్వకూడదని (2022లో ఈ పరిమితిని తీసేశారు). దాన్ని అమలు చేయాలంటే ఎవరికి ఎంత అప్పుందో అందరికీ కనిపించాలి. అందుకే క్రెడిట్ బ్యూరోలకు వివరాలు ఇవ్వడం తప్పనిసరైంది. వీధిలో ఆడవాళ్లకు ఒకప్పుడు నోటిమాటగా తెలిసిన విషయాన్ని కంప్యూటర్లో తిరిగి కట్టుకోవాల్సి వచ్చింది.

సంస్థ పెద్దదవుతున్నకొద్దీ జ్ఞానం తనంతట తాను పెరగదు. అప్పు పుస్తకంలో అంకెలు పెరిగాయి, ఆ అంకెల వెనక ఉన్న ఇల్లు కనిపించకుండా పోయింది.

ఇచ్చేస్తే తగ్గుతుందా?

మామూలు కంపెనీ తనకు తెలిసిన కిటుకును పేటెంట్‌తోనో రహస్యంతోనో కాపాడుకుంటుంది. లాభం అక్కడే కాబట్టి తప్పు పట్టలేం. సామాజిక సంస్థ లక్ష్యం చూపులేనివాళ్ల సంఖ్య తగ్గడం అయితే, ఇంకో ఊళ్లో ఇంకెవరైనా ఆ పని చేసినా దాని లక్ష్యమే నెరవేరుతుంది. అరవింద్ సర్జన్లు ఎంత చేసినా తమ ఆసుపత్రుల చుట్టుపక్కలకే చేరగలరు. అందుకని 1992లోనే వేరే ఆసుపత్రులకు తమ పద్ధతులు నేర్పడానికి లైకో అనే శిక్షణ సంస్థను పెట్టారు. దేశవిదేశాల్లో వందలాది కంటి ఆసుపత్రులు అక్కడికి వచ్చి నేర్చుకున్నాయి.

కానీ జ్ఞానం బయటికి వెళ్లే దారులన్నీ ఒకేలా ఉండవు. మధుమేహం వల్ల కంటి వెనక పొర, అంటే రేటినా, దెబ్బతినడాన్ని ఫొటో చూసి కనిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి 2016లో గూగుల్ పరిశోధకులు వ్యాసం ప్రచురించారు. దానికి నేర్పడానికి వాడిన లక్షా ఇరవై ఎనిమిది వేల ఫొటోల్లో కొన్ని అమెరికావి, కొన్ని అరవింద్ సహా మన ఆసుపత్రులవి. అది పల్లె కేంద్రాల్లో రేటినా డాక్టరు లేని లోటు తీర్చగలదు, దానివల్ల చూపు నిలిచేవాళ్లుంటారు. ఆ మేరకు సంతోషమే. అయితే వేలమంది పేషెంట్లు ఓపిగ్గా తెరిచి పెట్టిన కళ్ల నుంచి పుట్టిన ఆ తెలివికి రేపు ధర ఎవరు నిర్ణయిస్తారు? లెన్సు విషయంలో మదురై ఒకసారి ఈ ప్రశ్న ఎదుర్కొంది, లెన్సు తనే తయారుచేసి ధర తగ్గించింది. ఈసారి ఫొటోలు ఇచ్చే ఆసుపత్రులు ఒప్పందం రాసుకునేటప్పుడే తమ పల్లె కేంద్రాల్లో దాన్ని ఏ ధరకు వాడుకోవచ్చో రాయించుకోవాలి. తరవాత అడిగితే ఎవరూ వినరు.

లైకో నేర్పే తీరులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. నేర్చుకోవడానికి వచ్చే ఆసుపత్రి నుంచి పెద్ద డాక్టరు ఒక్కరే వస్తే సరిపోదు. పరిపాలన చూసేవాళ్లు, ఊళ్లు తిరిగి శిబిరాలు పెట్టేవాళ్లు, నర్సు, అందరూ కలిసి ఒక జట్టుగా రావాలి. వారం పాటు కూర్చుని తమ ఆసుపత్రి అంకెలు ముందు పెట్టుకుని, ఏం మార్చాలో తామే రాసుకోవాలి. డాక్టరు ఒక్కరే వచ్చి చూసి వెళ్తే రెండు టేబుళ్లు కొనుక్కుంటారు. రెండో టేబుల్ మీద పేషెంటును ఎప్పుడు పడుకోబెట్టాలో తెలిసింది మాత్రం నర్సుకే.